ఎల్లమ్మకు పోసిన రెడ్ వైన్

నారాయణగూడలో వైన్ షాపువాడితో బేరమాడి గెలిచిన మొనగాణ్ణి నేను. ఎండ తగిలే అద్దాల బీరువాలో చూపుకు పెట్టిన సీసానే కావాలని పట్టుబట్టి ధర తగ్గించాను. విజయవాడ కొట్లలో పెరిగినవాణ్ణి. చీరలకు చెల్లే ఆ కిటుకు వైన్‌కు చెల్లదని తెలియదు.

ఆ సాయంత్రం అశోక్‌నగర్‌లో మిత్రుడు యాదగిరి ఇంట్లో నలుగురం మంచి రెడ్ వైన్ రుచి చూద్దామని చేరాం. ఎలా తాగాలో నేర్పడానికి వాళ్ల బాబాయి నర్సింలు గారు చిక్కడపల్లి నుంచి తన సీసాతో వచ్చారు. పెద్ద హోటల్లో ముప్ఫై ఏళ్లు వడ్డించిన మనిషి. నా బేరం ప్రతాపం అప్పటికే అందరికీ రెండుసార్లు చెప్పాను.

ఆయన నా సీసా తెరిచి వాసన చూశారు. తర్వాత నా ముఖం చూశారు.

"జర ఆగుండ్రి. ముందుగాల ఎల్లమ్మకు సాక పొయ్యాలె" అంటూ వాకిట్లో వేపచెట్టు మొదట్లో సీసా వంచారు.

"సీసెడు పోస్తవా, కాకా?" అన్నాడు యాదగిరి.

"సుట్టం తెచ్చింది గదరా, గట్లనే పొయ్యాలె. నువ్వు గ్లాసులు తే."

అమ్మవారికి పోయనిదే తాగని ఊరని మురిసిపోయాను. ఆయన తన సీసాలోంచి మొదట నాకే పోసి, "గుటుక్కున మింగకు తమ్మీ, జర నోట్లె తిప్పు" అన్నారు.

ఖాళీ సీసానూ వదలని బుద్ధి నాది. కడగబోతూ అడుగు చుక్క నాలుక్కి రాసుకుంటే పళ్లు పులిశాయి. సాకకు రెండు చుక్కలు చాలని మర్నాడు యాదగిరి చెప్పాడు.

ఇక లెక్క. నా సీసాకు ఇచ్చింది నూట ముప్ఫై, తగ్గించింది నలభై, తాగింది వేపచెట్టు. నర్సింలు గారి సీసా ఖరీదెంతో అడిగాను, చెప్పలేదు. దానికి నేను కట్టింది సున్నా.