రెండు ఉట్నూర్లు

అది 1993. కరీంనగర్‌ల మా కిరాణ దుకాణం మీది అర్రల రెండు కంప్యూటర్లు పెట్టుకొని ప్రోగ్రాములు రాసిస్తుంటి. కింద బాపు పప్పులు అమ్మేది, పైన నేను మాటలు అమ్మేది.

ఆదిలాబాద్ దిక్కు ఒక మిషన్ దవాఖాన నుంచి పిలుపొచ్చింది. అక్కడి రికార్డు క్లర్కు రత్నమ్మ, సొంతంగ సీ అనే కంప్యూటర్ భాష నేర్చుకొని, టీబీ రోగుల కోసం ఒక ప్రోగ్రాం రాసుకున్నది. ఊరికొక ఫైలు. నెల మందు అయిపోయినా దవాఖానకు రానోళ్ల పేర్లు ప్రతి సోమవారం అచ్చు తీసి జీపు డ్రైవర్‌కు ఇస్తది. ఆయన అడవి ఊర్లు తిరిగి మందు చేరుస్తడు. టీబీ మందు నడుమల ఆపితే జబ్బు మొండికేస్తది, తర్వాత అదే మందుకు లొంగది. అంటే, ఆ కాయితం మీద పేరు లేనోడు జీపుకు లేనట్టే.

డాస్ అనే సిస్టం మీద నడిచే పాత మిషన్ మొరాయిస్తున్నదని దాతలెవరో కొత్తది పంపిన్రు. దాంట్ల నడిచేది యూనిక్స్ అనే వేరే సిస్టం. "రత్నమ్మ ప్రోగ్రాం ఇండ్ల నడువకుంటే హైదరాబాద్ నుంచి వేరేది తెప్పిస్త" అన్నది పెద్ద డాక్టరమ్మ. రత్నమ్మది నాలుగేండ్ల కష్టం కదా, నా దిక్కే చూసుకుంట నిలవడ్డది.

"ఎన్ని రోజులు కావాలె?" అని అడిగింది డాక్టరమ్మ.

నాలుగు చాలని నాకు తెల్సు. "పది" అన్న.

"రెండు."

నేను ఎనిమిదికి దిగిన, ఆమె మూడుకెక్కింది. ఆఖరికి ఐదు దగ్గర తెగింది. ఒక రోజు మిగిలిందని లోపల లోపలే మురిసిన.

యూనిక్స్‌ల కంపాటిబిలిటీ లేయర్ అని ఒకటుంటది. డాస్ ప్రోగ్రాం తన బాసల ఏదడిగినా, దాన్ని యూనిక్స్‌కు తెలిసేటట్టు మలిపి చెప్పే నడుమ మనిషి అది. రత్నమ్మ ప్రోగ్రాం దాంట్ల నడిచింది గాని అచ్చు దగ్గర ఆగింది. ఎందుకంటే, ప్రోగ్రాం సిస్టంను అడుగకుండ నేరుగ ప్రింటర్‌నే ముట్టుకుంటున్నది. గిరాకి కౌంటర్ ముందట నిలవడి అడిగితే ఏ దుకాణంలనైనా సరుకు దొరుకుతది. గోడ దుంకి గోదాంల చెయ్యి పెట్టుడు అలవాటైనోనికి, పక్క దుకాణంల ఆ గోడే ఉండకపాయె! కౌంటర్ దగ్గర ఏది ఎట్లడగాలె అన్నదానికి పోసిక్స్ అనే స్టాండర్డ్ ఉన్నది. దాని ప్రకారం అడిగే ప్రోగ్రాం ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పెద్దగ మార్చకుండనే పోతది. దీన్నే పోర్టబిలిటీ అంటరు.

గోడ దుంకే ముక్కలన్ని తీసేసి, స్టాండర్డ్ పద్ధతిల రాసి, నేరుగ యూనిక్స్ బాసలకే మలిపిన, అంటే కంపైల్ చేసిన. నడుమ మనిషి లేకుండనే గాలోలె ఉరికింది. "ఒక్క నియమం తప్పలే" అని అందరి ముందట ఛాతి విరిచిన. నాలుగో రోజుకు పని ఖతం. ఐదో రోజు గెస్ట్ రూంల ఫ్యాన్ కింద పండుకున్న.

నెల దాటినంక ఫోనొచ్చింది. పోయేసరికి జీపు డ్రైవర్ దేవయ్య కాయితం పట్టుకొని వరండాల నిలవడి ఉన్నడు.

"సార్, మీ కొత్త మిషన్ మస్తు జల్ది నడుస్తున్నది. నడుసుకుంట నడుసుకుంట మనుషులను మింగుతున్నది."

"ఎవర్ని మింగింది దేవన్నా?"

"ఉట్నూర్ భీంరావును. పోయిన నెల నేనే జీపుల తెచ్చి చేర్పిచ్చిన. మందు అయిపోయి ఉంటది. గీ లిస్టుల లేడు."

"రత్నక్క ఎక్కియ్యడం మర్చిపోయిందేమో."

రత్నమ్మ అద్దాలల్లకెళ్లి చూసింది. "వార్డు సిస్టర్ నా కండ్ల ముందట్నే ఎక్కిచ్చింది సార్. పాత మిషన్‌ల ఒక్క పేరు పోలే."

ఫైళ్ల పట్టీ తెరిస్తే ఉట్నూర్ రెండుసార్లు కనవడ్డది. ఒకటి ఇంగ్లీషు చిన్నక్షరాల, ఇంకోటి పెద్దక్షరాల. సిస్టర్ క్యాప్స్ లాక్ వేసే టైపు చేస్తది, రత్నమ్మ చిన్నక్షరాలే కొడ్తది. డాస్‌కు రెండూ ఒకటే ఊరు. యూనిక్స్‌కు రెండు పేర్లు, రెండు ఫైళ్లు. పాతోళ్లంత చిన్న ఉట్నూర్‌ల ఉన్నరు, కొత్తగ చేరినోళ్లు పెద్ద ఉట్నూర్‌ల చిక్కుకున్నరు. రత్నమ్మ తీసే లిస్టేమో చిన్నదాంట్లకెళ్లి వస్తున్నది.

"ఇంగ్లీషుల పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు దేవన్నా" అని మొదలువెట్టిన.

"మన తెలుగుల 'ఉ'కు పెద్దది చిన్నది ఉంటదా సార్?"

"ఉండది."

"ఉట్నూర్ ఎన్ని ఉన్నయి?"

"ఒక్కటే."

"గదే మిషన్‌కు చెప్పుండ్రి. నేను జీపుల డీజిల్ పోయించుకొస్త."

ఏ ఫైలు తెరిచినా ముందుగాల పేరును చిన్నక్షరాలకు మలిపే నాలుగు లైన్లు రాసిన. విడిపోయిన ఫైళ్లను కలిపితే రత్నమ్మ చేతిరాత రిజిస్టర్‌తోని ఒక్కొక్క పేరు సరిచూసింది. లిస్టుల భీంరావు వచ్చిండు. దేవయ్య ఆ కాయితం జేబుల పెట్టుకొని పోయిండు.

పొద్దుగూకే ముందు తిరిగొచ్చిండు. "దొరికిండు సార్. మందు అయిపోయి నాలుగు దినాలట. దగ్గు తగ్గింది, ఇంకేం మందు అని ఊకున్నడు. తిట్టి, మింగిచ్చి వచ్చిన."

రత్నమ్మ అద్దాలు తుడుసుకున్నది. డాక్టరమ్మ హైదరాబాద్ మాట మళ్ల ఎత్తలే. నన్ను మాత్రం పక్కకు పిలిచింది. "నీకు నాలుగు రోజులు చాలని నాకప్పుడే తెల్సు. ఐదోది పరీక్ష చేసుకోమని ఇచ్చిన, పండుకోమని కాదు."

బేరంల ఎవరు ఎవర్ని గెలిచిన్రో అప్పుడు సమజైంది.

ఇంటికొచ్చి దుకాణంల కూసున్న. ఒకామె గ్యాస్ నూనె అడిగింది. ఆమె వెనుక ఒకాయన కిరోసిన్ అన్నడు. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన ఘాస్లేట్ అన్నడు. బాపు ఎవర్నీ మళ్ల అడుగలే, ముగ్గురికీ ఒక్క డబ్బాల్నుంచే పోసిండు. నేను అక్కర్లేదని తీసేసిన లేయర్ కూడ, పెద్దక్షరాల అడిగినా చిన్నక్షరాల అడిగినా ఒక్క ఫైలే ఇచ్చుకుంట, ఇదే పని చేస్తుండె. ఎట్లడగాలెనో స్టాండర్డ్‌ల రాసుంటది. ఎవరికేది అలవాటో దాంట్ల ఉండది.

రోజుల బేరం ఇప్పటికీ చేస్త, ఆ గుణం పోదు. కాని ఆఖరి రోజు మాత్రం నాది కాదు, పరీక్షది. ప్రోగ్రాం ఇచ్చే కాయితం పట్టుకొని బయటికి పోయే మనిషెవరో అడిగి, ఆయనను పక్కన కూసోబెట్టుకుంట.