నాలుగు ల్యాబ్‌లు, ఒకే అంకె

1998. రాజమండ్రిలో ఒక చిన్న క్లినికల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. కడియం నర్సరీల్లో అంట్లు కట్టే నూకరాజు టి.బి. మాత్రలు వాడుతూ రక్తపరీక్షకు వచ్చాడు. ఆ మాత్రలు కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎస్.జి.పి.టి. అనే ఎంజైమ్ పరీక్షలో అది తెలుస్తుంది. మామూలుగా నలభై లోపు ఉండాలి. రెండువందలు దాటితే మాత్రలు ఆపాలన్నది డాక్టరుగారి పద్ధతి. మా దగ్గర 160 వచ్చింది. అదే రోజు, ఊళ్ళో అందరూ మాస్టారని పిలిచే పెద్ద టెక్నీషియన్ ల్యాబ్‌లో 218.

"ఏది నమ్మమంటారండీ? మీరూ మీరూ తేల్చుకుని చెప్పండి," అన్నారు డాక్టరుగారు. అంతవరకు మాత్రలు ఆపించారు.

ఊళ్ళో టెక్నీషియన్లలో చాలామందికి పని నేర్పింది మాస్టారే. నేను మాత్రం పుస్తకాలు చూసి, లెక్కలు వేసుకుంటూ నేర్చుకున్నవాణ్ణి. ఎంజైమ్‌ను తూకం వేయలేం, అది పనిచేసే వేగాన్ని కొలుస్తాం. పరీక్షనాళికలు ఉంచే వాటర్‌బాత్‌లో నీళ్ళ వేడి కొద్దిగా పెరిగినా అంకె పెరుగుతుంది. అందరూ ఒకే సీరంను, అంటే రక్తం నుంచి వేరుచేసిన తేట ద్రవాన్ని, కొలిస్తే తేడా ఎక్కడుందో బయటపడుతుంది. అందుకు కంపెనీలు తయారుచేసే రిఫరెన్స్ సీరం మాకు దొరికేది కాదు. అందుకని మిగిలిన సీరంలలో అంటురోగాలు లేవని తేలినవాటిని కలిపి, సీసాల్లో పోసి, ఐస్ ఫ్లాస్కుల్లో మాస్టారితో సహా నాలుగు ల్యాబ్‌లకు పంపాను. మరో సీసా మెడికల్ కాలేజీకి వెళ్ళింది.

నాలుగు ల్యాబ్‌లూ 134కీ 137కీ మధ్యే చెప్పాయి. నాది 100.

"తేడా మీ దగ్గరేనండీ," అన్నారు డాక్టరుగారు. 218నే నమ్మి మాత్రలు అలాగే ఆపి ఉంచారు. నూకరాజు మాత్రం సంబరపడ్డాడు. ఆ మాత్రలు వేసుకుంటే వాంతులవుతున్నాయని, మానేశాక ఒళ్ళు తేలిగ్గా ఉందని చెప్పి, మొక్కల లారీతో ఉత్తరాదికి వెళ్ళిపోయాడు.

తర్వాత కాలేజీ నుంచి ఫలితం వచ్చింది: 99. నాలుగు ల్యాబ్‌లు అంత దగ్గరగా ఎలా చెప్పాయని అప్పుడు అనుమానం వచ్చింది. ఆ నాలుగింటిలో ఒక ల్యాబ్ చూసుకునే, మాస్టారి దగ్గర పని నేర్చుకున్న సుగుణ గారిని అడిగాను.

"నాకు నూట మూడే వచ్చిందండి. మాస్టారికి ఫోన్ చేస్తే నూట ముప్పై ఆరన్నారు. ఆయనది తప్పెందుకవుతుందండీ? నేనే ఎక్కడో పొరపాటు పడ్డాననుకుని దిద్దేశాను."

మిగతా ఇద్దరూ అదే చేశారు. వెళ్ళి చూస్తే, మాస్టారి వాటర్‌బాత్‌లోని థర్మామీటరులో పాదరసం తెగి, కొంత పైకొసన ఇరుక్కుపోయి ఉంది. అది ముప్పై ఏడు డిగ్రీలు చూపిస్తున్నా నీళ్ళు అంతకంటే వేడిగా ఉన్నాయి. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"ఒక్కరైనా నాకు తక్కువొచ్చిందండీ అని చెప్పొచ్చు కదా. ఇదేనా మీరంతా నాకిచ్చే గౌరవం?" అన్నారు.

డాక్టరుగారు నూకరాజు ఇంటికి కబురు పంపారు. అతను వానాకాలం దాటాక, రక్తం కక్కుతూ తిరిగొచ్చాడు. మధ్యలో ఆపేసరికి జబ్బు మొండిదైపోయి, మళ్ళీ మొదలుపెట్టిన మాత్రలు ఈసారి పనిచేయలేదు.

ఆ తర్వాత మేం సీసాలు అన్ని ల్యాబ్‌లకూ ఒకే ఉదయం పంపి, ఎవరి అంకె వాళ్ళు కవరులో పెట్టి అంటించి ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాం. అది పెట్టమన్నది మాస్టారే. అంకెలు బాగా కలిసినప్పుడు ఇప్పటికీ నాకు ధైర్యం చిక్కదు. ఎవరు ఎవరిని అడిగి రాశారో ముందు కనుక్కుంటాను. మొదటిసారే అలా కనుక్కోవలసింది. అప్పటికి నూకరాజు ఇంకా కడియంలోనే ఉన్నాడు.