గిల్లేసిన బద్దలు

ఉదయం ఏడున్నరకి నర్సరీ షెడ్డులో ఆరువందల బీన్స్ మొలకలు మట్టి పైకి తలెత్తాయి. ఒక్కో కాడ మీద లావుపాటి గింజబద్దలు రెండేసి. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర ట్రేలలో విత్తనాలు పెడుతున్నందుకు అందరూ బల్లపిన్ని అనే ఆమె వాటి మధ్య నిలబడి ఉంది.

యజమాని అల్లుడు వచ్చాడు. షెడ్డు పెత్తనం చేతికొచ్చి రెండు నెలలు.

"ఈ బద్దలు గిల్లేయ్. పోయినసారి ముడతలుపడి వేలాడుతుంటే కొన్నవాళ్ళు తెగులన్నారు."

"తెగులు కాదు. ఖాళీ అయిన సంచులు. గింజ దాచుకున్న తిండంతా బద్దల్లోనే ఉంటుంది. వేరు దిగేదీ, కాడ లేచేదీ దాంతోనే. ఆకులు విచ్చుకుని ఎండ తాగేదాకా అదే ఆధారం. పనయ్యాక వాటంతటవే రాలతాయి."

"నీళ్ళు పోస్తున్నాం, ఎరువేస్తున్నాం. చాలదా?"

"పురిటిబిడ్డకి పొయ్యీ బియ్యం చూపించి వండుకోమంటారా అల్లుడుగారూ?"

పక్క బల్ల ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పాఠాలు చెప్పాలనుంటే బడికి పో. ఇక్కడైతే గిల్లు. లేదంటే గేటు అదిగో."

పిన్ని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న యజమాని వైపు చూసింది. ఆయన ఫోను మీంచి తలెత్తలేదు. "అల్లుడు చెప్పింది చెయ్యమ్మా."

ఇంటికి ఆమెదొక్కటే జీతం. గిల్లింది. నాలుగు ట్రేలు దాచి వదిలేయొచ్చు, ఎవరూ చూడరు. వదల్లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎవరి ముఖం మాడుతుందో ఆమెకి తెలుసు. పన్నెండువందల బద్దలు బక్కెట్లో పడ్డాయి.

పదోరోజుకి కాడలు దారాల్లా సన్నబడ్డాయి. ఆకులు గోరంత. సగానికి పైగా వాలిపోయాయి. మొక్కలు అడిగిన స్కూలు వ్యాను మర్నాడే వస్తుంది.

"గోళ్ళతో కాడలు కోసేసింది మామయ్యా," అన్నాడు అల్లుడు.

"ఒక్క గాటు చూపించండి, ఇప్పుడే పోతాను."

అతను ట్రే ముట్టుకోలేదు. పిన్ని యజమాని వైపు తిరిగింది. "నేను చెబుతుంటే విన్నారుగా. అప్పుడు నోరు మెదపలేదేం?"

"చస్తాయని తెలిసే అన్నీ గిల్లావుగా," అన్నాడాయన. "ఒక్కటైనా మిగిల్చావా?"

పిన్ని తన గోళ్ళ వైపు చూసుకుంది.

"రేపట్నుంచి రాకు."

ఆమె చేతులు కడుక్కుని గేటు దాటింది. మర్నాడు వ్యానులోకి ఎక్కిన మొక్కలు ఆరువందల్లో నూట ముప్పై ఎనిమిది.