దారం అవతలి కొస

అరకు బస్టాండు దాటి రైల్వే స్టేషను వైపు తిరిగే మలుపులో సూర్యనారాయణ షెడ్డు ఉండేది. పంక్చర్లు వేసేవారు, గాలి కొట్టేవారు, చక్రాలు సరిచేసేవారు. షెడ్డుకి పేరు తెచ్చింది మాత్రం ఈ మూడో పనే. వంకర నడక నడిచే జీపుని ఒక్క పూట అక్కడ వదిలితే సాయంత్రానికి బుద్ధిగా తిన్నగా నడుస్తుందని పాడేరు దాకా డ్రైవర్లు చెప్పుకునేవారు. చెప్పుకునేటప్పుడు అందరూ సూర్యనారాయణ పేరే ఎత్తేవారు. కనకకి ఒళ్లు మండేది అక్కడే.

కనక అతని చెల్లెలు. తొంభైల మొదట్లో అన్న శృంగవరపుకోట నుంచి కొండెక్కి షెడ్డు పెట్టినప్పుడు వదినకి తోడుగా వచ్చింది. అప్పటికింకా పరికిణీలు కట్టే పిల్ల. వీల్ అలైన్‌మెంటు కోసం అన్న దగ్గరున్న సరంజామా అంతా కలిపి ఒక నైలాన్ దారం, ఒక స్పానరు, రెండు కళ్లు. దారాన్ని వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగలాగాలి. వెనక టైరు రెండు అంచులకీ ఆనిన దారం ముందు టైరు రెండు అంచులకీ కూడా ఆనితే చక్రం తిన్నగా ఉన్నట్టు. ఎక్కడైనా సందు కనిపిస్తే చక్రం వంకర తిరిగి ఉన్నట్టు. ముందు చక్రం దగ్గర కూర్చుని సందు చూసేది, చక్రాన్ని అటూ ఇటూ తిప్పే కింది రాడ్డుని స్పానరుతో సరిచేసేది అన్న. వెనక కొస పట్టుకునేది కనక.

“కదలకే గుంటా! నీ సెయ్యి ఒణికితే బండి ఒణుకుతాది,” అని అక్కణ్ణుంచి కేకేసేవాడు.

అలా కదలకుండా కూర్చునే పెద్దదైంది. అరకు స్టేషనులోనే పని చేసే రైల్వే కుర్రాణ్ణి పెళ్లాడింది. పిల్లల్ని కంది. ఇంటిపని ముగించుకుని మళ్లీ షెడ్డుకొచ్చి అదే కొస పట్టుకునేది. డ్రైవర్లు ఆమెని దారం గుంట అనేవారు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా గుంటే, అంటే చిన్నపిల్లే! వెనక నుంచి దారం వెంట ఒక కన్ను మూసి చూస్తే ఆమెకి సంగతంతా తెలిసిపోయేది. తెలిసింది దాచుకునే మనిషీ కాదు. “అన్నయ్యా, ఎడం రాడ్డు ఇంకాస్త తిప్పు,” అని అరిచేది. “నువ్వు కొస పట్టుకో సాలు, సూడ్డం నా పని,” అనేవాడు సూర్యనారాయణ. అని, కాసేపాగి, ఎడం రాడ్డే తిప్పేవాడు. ఆ పెద్దమనిషికి చెల్లెలంటే ప్రాణం. స్పానరంటే ఇంకా ప్రాణం.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఖాళీ జీపుకి దారం పట్టేవారు కారు. ఏజెన్సీలో జీపు ఖాళీగా తిరిగేదెప్పుడని! లోపల ఒళ్లో ఒళ్లో కూర్చుంటారు, వెనక వేలాడతారు, టాపు మీద పసుపు బస్తాలు, కోళ్ల గంపలు. అందుకని ముందు మనుషుల్ని ఎక్కించి, బరువుకి స్ప్రింగులు కుదురుకున్నాకే దారం లాగేవారు. శుక్రవారం సంతకి వచ్చి జీపు కోసం చూసేవాళ్లని పిలిచి కూర్చోబెట్టి టీలు పోయించేవాడు సూర్యనారాయణ. వాళ్లందరిలో బుధు పాతకాపు. పై ఊరి నుంచి అల్లం కావిడి మోసుకొచ్చే పెద్దాయన. అరకులో బళ్లన్నీ తిన్నగా నడుస్తున్నాయంటే తను వెనక సీట్లో కూర్చున్నందుకేనని సంతలో గొప్పలు చెప్పుకునేవాడు. అందులో అబద్ధం లేదు కూడా.

రెండువేల ఏడులో, ఒక శుక్రవారం, షెడ్డు ముందుకి ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. బట్టల కొట్టు భాస్కరరావు గారి అబ్బాయి ధర్మతేజది. విశాఖలో ఉద్యోగం. సరదా కొద్దీ కారుకి పొట్టి స్ప్రింగులు వేయించి నేలకి దించేశాడు. దాని కింద నుంచి చీమ వెళ్లాలన్నా తల వంచుకోవాల్సిందే. ఆ ఎత్తుకి ముందు చక్రాల లెక్కంతా మారిపోయి, కొత్త టైర్లు లోపలి అంచున తీగలు తేలేదాకా అరిగిపోయాయి.

“అలైన్‌మెంటుకి విశాఖలో ర్యాంపు ఎక్కిద్దామంటే ముందు బంపరు కొట్టుకుంటోంది అంకుల్,” అన్నాడు కుర్రాడు దిగాలుగా. “ఆ అరిగిన టైర్లతో కొండ ఘాటీ దిగాలంటే భయం వేసింది. నాన్న కొత్తవి వేయించారు. ఇవీ అలాగే పోతే కారు అమ్మేయమంటున్నారు.”

సూర్యనారాయణ స్పానరు పట్టుకుని కింద పడుకున్నాడు. తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట దగ్గర వ్యవహారం ఆగిపోయింది. చెక్కల మీదికి ఎక్కించి చూశారు. అయినా దూరలేదు. కింద బండరాయి కాబట్టి ఆ షెడ్డులో గొయ్యి తవ్వే వీలు ఏనాడూ లేదు.

“లెగు అన్నయ్యా,” అంది కనక, చీర కుచ్చెళ్లు దోపుకుంటూ. “స్పానరు ఇలాగియ్యి.”

ఇవ్వక చేసేదేముంది? ఇచ్చాడు. చేతిలో స్పానరు బరువు తెలియగానే కనక దాన్ని బిగించి పట్టుకుంది. ఇన్నేళ్లూ దీనికోసమే కదా కాచుకుంది! ఇవాళ చేసి చూపిస్తే ఇక ఈ స్పానరు తనది. చెడిపోతే మళ్లీ వెనక కొస, బతుకంతా అదే. ఆ సంగతి ఆమెకి తెలుసు, అన్నకీ తెలుసు.

అలవాటు ప్రకారం బుధుని, ఇంకో ఇద్దర్ని పిలిచి వెనక సీట్లో కూర్చోబెట్టింది. మెత్తటి సీటు తగిలేసరికి బుధు కళ్లు మూసుకున్నాడు. వెనక కొస ఒక జీపు డ్రైవరుకిచ్చి కనక దారం చూసింది, కిందికి దూరింది, రాడ్డు తిప్పింది, బయటికొచ్చి మళ్లీ చూసింది. దారం నాలుగు అంచులకీ ముద్దుగా ఆనింది. “ఎల్లి తోలుకో బాబూ,” అంది దర్జాగా. “సెయ్యి వొదిలీసినా తిన్నగా ఎల్తాది.”

ధర్మతేజ స్టేషను రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాడు. మొహం వేలాడేసుకుని దిగాడు. “స్టీరింగు నిలవడం లేదక్కా. అటూ ఇటూ తూలుతోంది.”

కనక మొహం మాడిపోయింది. జీపుల దగ్గర నిలబడ్డ డ్రైవర్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆమెకి సూదిలా దిగింది.

“బరువు సాల్లేదు. ఇంకో మనిషిని ఎక్కించు,” అన్నాడు సూర్యనారాయణ, స్పానరు కోసం చెయ్యి చాపుతూ. కనక ఇవ్వలేదు. బుధు వాళ్లని మళ్లీ ఎక్కించి, తనే ముందు చక్రం దగ్గర కూర్చుని ఆ డ్రైవరుని దారం లాగమంది. దారం చక్కగానే ఆనింది. ఏ తప్పూ లేదు. తప్పు లేకపోతే తూలడమేమిటి? ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

ఈలోగా బయట జీపు హారను కొట్టింది. “నా జీపు ఎల్లిపోతాది తల్లీ,” అంటూ బుధు గబగబా దిగిపోయాడు. వెనకాలే మిగతా ఇద్దరూ దిగారు. బరువు దిగి కారు వెనక భాగం పైకి లేచింది, ముక్కు కిందికి వంగింది. దారం ఇంకా బిగించే ఉంది. ముందు టైరు వెనక అంచు దగ్గర, ఆమె చూస్తుండగానే, సందు విచ్చుకుంది. చక్రం బయటికి తిరిగిపోయింది!

“ఓలమ్మో!” అంది కనక. “అన్నయ్యా, ఇది జీపు కాదు. ఈ బాబు ఒక్కడే కదా తోలుకుంటాడు, ఎనకాల ఎవుల్ని మోత్తాడు? మనం బుధు కోసం సరిసేసినాం, తేజ బాబు కోసం కాదు.”

“ఖాళీ బండికి దారం ఏటి? మన షెడ్లో ఎప్పుడైనా సేసినామా?”

“ఖాళీగా ఎందుకు సేత్తాను? ఆ బాబునే కూకోబెడతాను. జీపుకి ఎత్తు పెరిగినా తగ్గినా పెద్ద తేడా రాదు. ఇంత కిందికి దించీసిన బండికి ఏలెడు తేడా వచ్చినా సక్రం తిరిగిపోతంది. నువ్వే సూసినావు కదా!”

సూర్యనారాయణ చూశాడు. చూసి కూడా, “నీ ఇష్టం. పోతే నీ పేరే పోద్ది,” అన్నాడు.

“పోతే నాదే. ఉంటే కూడా నాదే,” అంది కనక.

ధర్మతేజని తన సీట్లో, రోజూ కూర్చునేట్టే కూర్చోమంది. స్ప్రింగులు కుదురుకునేలా కారుని ముందుకీ వెనక్కీ తోయించింది. స్టీరింగు తిన్నగా పెట్టి తాడుతో కట్టింది. అప్పుడు దారం లాగి, కింద దూరి, రాడ్డుని చిటికెడు చిటికెడు తిప్పుకుంటూ వచ్చింది. తిప్పినప్పుడల్లా మళ్లీ తోయించింది, మళ్లీ చూసింది. ఎండ తిరిగింది. చీరంతా గ్రీజు. ఆఖరికి ఆ కుర్రాడు ఒక చుట్టు తిరిగి వచ్చి, కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాపి చూపించాడు. డ్రైవర్లు ఈలలు వేశారు.

సూర్యనారాయణ మాత్రం ఒప్పుకోలేదు. “ఒక్క సుట్టుకి ఏటి తెలుస్తాది? టైర్లు సెప్పాల,” అన్నాడు. ఆ మాటా నిజమే. కనకకి కోపమైతే వచ్చింది గానీ స్పానరు తిరిగిచ్చేసింది. మర్నాటి నుంచి మళ్లీ వెనక కొసే పట్టుకుంది.

వానలు పడ్డాయి, తగ్గాయి. కొండవాలుల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసే రోజుల్లో ఎర్ర కారు మళ్లీ వచ్చింది. ప్రతి వారం ఘాటీ ఎక్కి దిగిన కారు. ధర్మతేజ దిగేలోగానే కనక ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి అంచు నుంచి లోపలి అంచుకి మెల్లగా జరిపింది. లోపలి అంచు పిసరంత ఎక్కువ అరిగింది. కారు అంత కిందికి ఉన్నాక చక్రం కాస్త ఒరగక మానదు, అది ఆమెకి ముందే తెలుసు. తీగలు తేలడం మాట అటుంచి, గీతలింకా లోతుగా, నిండుగా ఉన్నాయి. ఆమెకి ఒళ్లంతా సంతోషం పొంగింది.

“అన్నయ్యా, బేగి రా! సెయ్యెట్టి సూడు.”

సూర్యనారాయణ వచ్చి చెయ్యి పెట్టాడు. ఒకసారి తడిమాడు. అవతలి చక్రం దగ్గరికి వెళ్లి దాన్నీ తడిమాడు. మెచ్చుకోలు మాట ఆ నోట అంత తేలిగ్గా వస్తుందా!

ఇంతలో అనంతగిరి జీపొకటి షెడ్డులోకి వచ్చింది. స్టీరింగు ఎడమకి లాగుతోందని డ్రైవరు చెప్పాడు. బుధు తన కావిడి పక్కన పెట్టి ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్నాడు. కనక అలవాటుగా దారం ఉండ తీసుకుని వెనక చక్రం వైపు నడిచింది. అక్కడ చోటు లేదు. సూర్యనారాయణ మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, వెనక చక్రం పక్కన అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలోంచి దారం కొస అందుకుని, స్పానరు ఆమె ముందుకి జరిపాడు.

“ఎంత లాగమంటావో సెప్పు,” అన్నాడు మొహం అటు తిప్పుకుని.

కనక స్పానరు అందుకుంది. ముందు చక్రం దగ్గరికి వెళ్లి కూర్చుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక కన్ను మూసి దారం వెంట చూస్తే, అవతలి కొసన అన్న చెయ్యి సన్నగా వణుకుతోంది.

“కదలకు అన్నయ్యా,” అంది.