వాన రూలు

నా చిన్నప్పుడు మా ఆదివారాలు యుద్ధాలతో గడిచిపోయేవి. యూనివర్సిటీ క్యాంపస్ క్వార్టర్స్‌లో మా పక్కింట్లో చరిత్ర చెప్పే సార్ ఉండేవారు. ఆయన భార్య లాలాపేట్ బడిలో లెక్కలు చెప్పేది. మా వరసలో అందరికీ ఆవిడ టీచరమ్మే. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు, పిల్లలు లేరు. చర్చి నుంచి రాగానే సార్ భోజనాల బల్ల మీద పచ్చ దుప్పటి పరిచేవారు. దుప్పటి కింద లావుపాటి పుస్తకాలు దూరిస్తే కొండలు, పైన నీలం రిబ్బను వేస్తే నది. టీచరమ్మ కుట్టుపెట్టెలోని ఎర్ర గుండీలు సార్ సైన్యం, నల్ల గుండీలు ఆవిడ సైన్యం. దారం అయిపోయిన రీళ్ళు ఫిరంగులు. ఎవరు ఎంత దూరం కదలాలో కుట్టు టేపుతో కొలిచేవారు. సైన్యాలు ఎదురుపడితే పాచికలు వేసేవారు. నేను అంపైర్‌ని.

ఆ ఆటకు నిజానికి ఇంతే చాలు. కానీ మా ముగ్గురికీ రూల్స్ పిచ్చి పట్టుకుంది. నది దాటినవాళ్ళు ఒక వంతు ఆగాలన్నారు సార్. సేనాపతి గుండీ పోతే పక్కనున్న వాళ్ళంతా వెనక్కి పారిపోవాలన్నాను నేను. వాన రూలు మాత్రం టీచరమ్మదే. పాచికల్లో రెండు ఒకట్లు పడితే వాన వచ్చినట్టు, ఆ వంతుకు ఫిరంగులు పేలకూడదు. ఆ రూలు పెట్టిన రోజు ఆవిడ ఎంత మురిసిపోయిందో! ఇవేవీ ఎక్కడా రాసిపెట్టలేదు, మా బుర్రల్లోనే ఉండేవి. అందరికన్నా బాగా గుర్తుండేది ఆవిడకే, ఎక్కువగా గెలిచేదీ ఆవిడే. ఓడినవాళ్ళు టీ పెట్టాలి కనక వంటింట్లో ఎప్పుడూ సారే కనిపించేవారు.

ఒక ఆదివారం వాన పడింది, అంటే పాచికల్లో పడింది. టీచరమ్మ ఫిరంగిని ముందుకు తోసి పేల్చేసింది. “టీచరమ్మా, వాన పడ్తున్నది గదా!” అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఎండ మండిపోతోంది. “ఏ వానే అమ్మాయ్?” అంది. వేళాకోళం చేస్తోందనుకుని నేను పగలబడి నవ్వాను. సార్ నవ్వలేదు. టీచరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు గుండీల వంక చూస్తూ కూర్చుంది.

మరుసటి ఆదివారం దుప్పటి పరుస్తూనే సార్, “ఆ వాన రూలు తీసేద్దామోయ్, ఆటకి అడ్డం తప్ప ఎందుకూ కొరగాదు” అన్నారు. టీచరమ్మ తల ఎత్తకుండా, “తీసేయండి. నాకూ అది మొదట్నుంచీ నచ్చదు” అంది. నేను తెల్లబోయాను. పెట్టింది ఆవిడే కదా! పెట్టిన సంగతే మరిచిపోయిందనుకున్నాను.

తరువాత నది ఎండిపోయింది, రిబ్బను మళ్ళీ పెట్టెలోకి పోయింది. సేనాపతులు మామూలు సిపాయిలయ్యారు. టేపు పోయి జానలతో కొలవడం వచ్చింది, కొన్నాళ్ళకు అదీ పోయింది. పాచికలు వేయడం, పెద్ద అంకె వచ్చినవాళ్ళు ఎదుటి గుండీ తీసుకోవడం, అంతే మిగిలింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెరట్లో కుళాయి దగ్గర టీ గిన్నె కడుగుతున్న సార్‌ను పట్టుకుని, “గిదేం ఆట సార్? అన్ని రూల్స్ తీసేస్తే ఇంక ఏముంటది గిండ్ల?” అని అడిగేశాను. ఆయన గిన్నె బోర్లించి, కొంగులాగా భుజాన వేసుకున్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. “ఆవిడుంటుంది కదే” అన్నారు. “ఒక రూలు తీసేస్తే ఇంకొన్ని ఆదివారాలు నాతో కూర్చుంటుంది. డాక్టర్ల దగ్గర అది కూడా లేదు.”

ఆ రోజు నుంచి అంపైర్‌గా నేను నోరెత్తలేదు. ఆఖరికి ఒక ఆదివారం టీచరమ్మ పాచికలు పక్కకు నెట్టేసి ఎర్ర గుండీలూ నల్ల గుండీలూ కలిపి బల్ల అంచున వరసగా పేర్చింది. సార్ “నువ్వే గెలిచావు” అని చెప్పి టీ పెట్టడానికి లేచారు. ఆవిడ ఆయన్ను చూసి, మీరెవరండీ అని మర్యాదగా అడిగింది. తీసేయడానికి ఆయన దగ్గర ఇంకే రూలూ మిగల్లేదు. ఆ తరువాత బల్ల మీద దుప్పటి పరవలేదు.

ఇప్పుడు నేను తార్నాకలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు అదే క్యాంపస్‌లో చదువుతోంది. దానికీ ఈ బల్ల మీది యుద్ధాల పిచ్చే. హాస్టల్ పిల్లలతో కలిసి దిండంత లావు రూల్ బుక్కు ముందేసుకుని కూర్చుంటారు. ఏ పేజీలో ఏముందో అని కొట్లాడుకునేసరికి చీకటి పడుతుంది, యుద్ధం మొదలే కాదు. నేను నవ్వుకుని నా గుండీల డబ్బా తీశాను. దానికి మా ఆట నేర్పాను, వాన రూలుతో సహా. ఆదివారాలు ఇద్దరం ఆడుకుంటున్నాం.

పోయిన నెల సందు చివరి కొట్టుకు వెళ్ళి, తిరిగి వస్తూ వేరే వాళ్ళ గేటు తీసుకుని లోపలికి పోయాను. వాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టి మా అమ్మాయికి ఫోన్ చేశారు. డాక్టరు తలకు స్కానింగు తీయించాడు. మందులున్నాయి గాని పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తెచ్చేవి కావన్నాడు. ఆయన చెప్పకముందే నాకు తెలుసు. భయమేస్తోంది. నిద్ర లేవగానే ఇంట్లో అందరి పేర్లూ ఒకసారి మనసులో అనుకుంటున్నాను.

నిన్న ఆదివారం. మనవరాలు దుప్పటి సవరిస్తూ, నా వైపు చూడకుండా, “అమ్మమ్మా, ఈ వాన రూల్ తీసేద్దామా? ఊకె లేట్ అయితుంది, బోర్ కొడ్తుంది” అంది. సాపుగా ఉన్న చోటే దుప్పటిని మళ్ళీ మళ్ళీ సవరిస్తోంది. టీచరమ్మ సంగతి దానికి నేనెప్పుడైనా చెప్పానో, ఈ ఉపాయం అదే కనిపెట్టిందో తెలియదు. గుర్తు చేసుకుందామని చూశాను, రాలేదు.

గుండీలు సర్దుతూ, “తీసెయ్ బిడ్డా. నాకు గూడ అది మొదటి సంది నచ్చదు” అన్నాను.

ఆ రూలు పెట్టింది తనేనని టీచరమ్మ మరిచిపోయిందని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. మరిచిపోలేదు.