పైపులో వదిలిన దారం

మా ముత్తాత నరసింహారెడ్డి మూడు ఊళ్ల శిస్తు వసూలు చేసిన మాలీపటేల్. మా తాత గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవాడట. ఇవాళ మన్నెగూడ చౌరస్తాలో ఎవరో నల్లపైపును మంట మీద వేడిచేసి వంచుతుంటే, ఆ వాసనకు వాళ్లెవరూ గుర్తుకు రాలేదు. కరెంటు పని చేసే యాదయ్య గుర్తొచ్చాడు. ఎందుకో తెలియదు.

యాదయ్య తండ్రి మా దగ్గర పాలేరుగా జీతం ఉన్నాడు. మా వాకిట్లో చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు. నా కాలానికి మాకు మిగిలినవి ఇబ్రహీంపట్నంలోని ఇల్లు, రోడ్డువైపు గేటు పక్కన ఒక గది, ఊరి బయట ఎండిన బోరు. ఆ గదిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం పెడితే తప్ప ఇల్లు గడవని స్థితి. వైఫై డబ్బా ఇంట్లో ఉంది. రెండో కనెక్షన్‌కు స్తోమత లేదు కనుక కేబుల్ వాకిలి దాటించాలి. ఎండకు దాని తొడుగు పగలకుండా తెల్ల పైపులు కొన్నాను. ఒకరిని అడగడం మా ఇంట అలవాటు లేదు. నేనే కోసి, ప్రతి మూలా ఎల్బో అనే మలుపు ముక్క పెట్టి, గమ్ముతో అతికించి గోడకు బిగించాను. చూడముచ్చటగా ఉంది. కేబుల్ మాత్రం రెండో మూల దాటలేదు. మూడు రోజులు తోశాను.

రోడ్డు మీద పోతూ యాదయ్య స్కూటర్ ఆపాడు.

"మస్తు సక్కగ అంటించినవ్ పటేలా. మరి వైరు ఎట్ల వోతది?"

"లోపల జాగ ఉంది గదా."

"జాగ ఉంటె సాలదు. మంచాల ఊరికి వోయే బస్సు మన గల్లీ మూల తిరుగుతదా? గిదీ గంతే. మీ బోరు పైపు పడి ఉన్నది గదా, అది తీస్కరా. కొత్తది కొనుడెందుకు?"

ఒకప్పుడు మా పొలానికి నీళ్లు తెచ్చిన నల్లపైపు అది. దాన్ని వేడిచేసి, మూలల దగ్గర విశాలంగా వంచాడు. లోపల ఒక తీగ పోనిచ్చి, దానికి కేబుల్ కట్టి, రెండో చివర నన్ను కూర్చోమన్నాడు.

"నిలవడి గుంజితే వైరు ఖరాబైతది. కూసో పటేలా."

మా వాకిలి మట్టిలో కూర్చుని లాగాను. మాటమాటకూ పటేలా అంటున్నాడు. అది మర్యాదో, ఎత్తిపొడుపో తేల్చుకోలేకపోయాను. కేబుల్ వచ్చింది. దాని వెంటే అతను కట్టిన ఒక నైలాన్ దారమూ వచ్చింది. తీసేయబోయాను.

"ఉండనియ్. నీ తర్వాత ఎవలో గీ దారంతోని ఇంకో వైరు గుంజుతరు. ఆళ్లు మనల తిట్టుకోవద్దు."

"నా తర్వాత ఎవరున్నరు?"

యాదయ్య లోపలికి వాన నీళ్లు పోకుండా పైపు మూతిని కిందికి వంచి, చేతులు కడుక్కున్నాడు. రోజంతా చెప్పులతోనే పనిచేసిన మనిషి, వెళ్లేటప్పుడు వాటిని విప్పి చేత పట్టుకున్నాడు. వాకిలి దాటి, రోడ్డు మీద తొడుక్కుని వెళ్లిపోయాడు. తండ్రిని తలచుకున్నాడా? నన్ను వెక్కిరించాడా? కోపం తెచ్చుకోవాలో, తల దించుకోవాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. దుకాణం తొమ్మిదేళ్లు నడిచింది. అన్నేళ్లూ అడగాలనుకుంటూనే ఉన్నాను. ఈలోగా అతను పోయాడు.

ఈ ఉదయం తాళాలు ఇస్తూ, పైపులో దారం ఉంది, తీయొద్దని ఇల్లు కొన్నవాళ్లకు చెప్పాను. వాళ్లు నా ముఖం కేసి వింతగా చూశారు. తర్వాత వాకిట్లో చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను. అదీ ఎందుకో తెలియదు. మీర్‌పేట్‌లో అద్దెకు దిగిన ఇంటికి ఈ చౌరస్తా మీదుగానే వెళుతున్నాను. ఇల్లు, వాకిలి, గేటు పక్క గది అన్నీ ఒకే కాగితం మీద అమ్మేశాం.