నాలుగో బావ కోసం యారాడ కొండ దాటిన ఆదివారం

మా అన్నయ్య విశాఖపట్నం వదిలేస్తున్నాడు. పోర్టులో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపి, వీఆర్ఎస్ తీసుకుని, గుడివాడ పక్కన వదిన వాళ్ల ఊళ్లో ఇల్లు చూసుకున్నాడు. బుధవారం సామాన్ల లారీ వస్తుందనగా ఫోన్ చేశాడు. “శీనూ, కంప్యూటర్ విప్పేలోపు ఓసారి వచ్చిపోరా. నా మెయిళ్లు, నెంబర్లు, క్యాలెండరు కొత్త ఫోన్లోకి ఎక్కించాలి. పోయినసారి చేసింది నువ్వే కదా, ఇదీ నువ్వే చెయ్యి” అన్నాడు. విజయవాడలో ఒక కంప్యూటర్ల షాపులో నా ఉద్యోగం అదే. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కేబుల్ పెట్టి, ఇందులో ఉన్నది అందులో, అందులో ఉన్నది ఇందులో ఉండేలా చూడటం. సింక్ చెయ్యడం అంటాం. ఆ పని మీద విశాఖ వెళ్లేవాళ్లకి దారీ ఖర్చూ తెలుస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. సరదా ప్రయాణం కాదు, ముందే చెబుతున్నా.

శనివారం రాత్రి స్లీపర్‌లో ఎక్కితే ఆదివారం తెల్లవారి ఐదున్నరకి విశాఖలో దిగాను. టికెట్ రెండు వందల లోపే. స్టేషన్ బయట ముసురు. మల్కాపురం వెళ్లడానికి గాజువాక వైపు పోయే సిటీ బస్సు ఎక్కాలి, ఆరేడు రూపాయలు తీసుకుంటారు, అరగంట ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుంటే ముందు పోర్టు గోడ, గోడ మీంచి బొగ్గు గుట్టలు, తర్వాత రిఫైనరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ వాన చినుకు చొక్కా మీద పడితే నల్లటి మచ్చ అవుతుంది, తెల్లచొక్కా వేసుకుని వెళ్లకండి. నేను వేసుకుని వెళ్లాను. కంప్యూటర్లు తెలిసినంతగా నాకు లోకం తెలీదని వదిన ఎప్పుడూ అంటుంది.

ఇంటికి వెళ్లేసరికి సగం ఇల్లు అట్టపెట్టెల్లో ఉంది. కంప్యూటర్ ఒక్కటే బల్ల మీద మిగిలింది. వదిన ఇచ్చిన కాఫీ తాగుతూ కేబుల్ గుచ్చి, సీడీ పెట్టి, మెయిళ్ల పని మొదలుపెట్టాను. ఏడయ్యేసరికి అన్నయ్య జేబులో ఫోన్ కుయ్యిమంది. అదే క్షణంలో కంప్యూటర్ కూడా టింగుమని మోగి, తెర మీద చిన్న డబ్బా వచ్చింది. ‘బావ, యారాడ, నెలలో మొదటి ఆదివారం’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. రెండేళ్ల కిందట అన్నయ్య చెబితే క్యాలెండర్లో నేనే పెట్టిన గుర్తు అది. అన్నయ్య జేబులోంచి ఫోన్ తియ్యకుండానే పైనుంచి బటన్ నొక్కి నోరు మూయించాడు. నెలనెలా చేసే పనిలాగే చేశాడు.

“ఎవరన్నయ్యా, అప్పలరాజు గారేనా? ఇంకా వెళ్తున్నావా?” అన్నాను.

“లేదు. రెండేళ్లయింది. వాడు ఫోన్ చెయ్యడు, నేను వెళ్లను.”

అప్పలరాజు ఎవరో ఇక్కడ చెప్పాలి. కొండకవతల సముద్రపు ఒడ్డునున్న యారాడ మనిషి, జాలరుల కుటుంబం. పోర్టులో అన్నయ్య క్రేన్ కింద పదిహేనేళ్లు పనిచేశాడు. క్రేన్ మీద అంత ఎత్తున కూర్చున్నవాడికి ఓడ లోపల ఏముందో కనబడదు. డెక్కు మీద ఒక మనిషి నిలబడి, లోపలికి చూస్తూ, చేత్తో సైగలిస్తాడు. ఎత్తు, ఆపు, పక్కకి, మెల్లగా దించు. ఆ చెయ్యి తప్పు చెబితే కింద మనుషుల ప్రాణాలు పోతాయి. అన్నయ్యకి ఆ చెయ్యి అప్పలరాజుది. తర్వాత ఆయన పోర్టు మానేసి మళ్లీ వలలు పట్టుకున్నాడు గానీ, నెలలో మొదటి ఆదివారం మాత్రం అన్నయ్య యారాడలోనే భోంచేసేవాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, వేటకి వెళ్తున్నాడో ఇంట్లో ఉంటాడో కనుక్కుని వెళ్లేవాడు. అలా ఫోన్ చేసుకోవడం వాళ్లిద్దరికీ ఆనవాయితీ.

“మరి నువ్వే చెయ్యొచ్చుగా?”

“నెంబరు ఏదిరా? నువ్వు ఈ ఫోన్ ఇచ్చిన రోజు నుంచీ లేదుగా. పోన్లే, వాడే చేస్తాడులే అనుకున్నా. ఒక నెల చూశా, రెండు నెలలు చూశా. ఇన్నేళ్ల స్నేహం, ఒక్క ఫోన్ చెయ్యడానికి వాడికేం రోగం? పిలవని పేరంటానికి నేనెందుకు వెళ్తాను?”

రెండేళ్ల కిందట దసరాకి అన్నయ్యకి కొత్త ఫోన్ కొనిచ్చింది నేనే. ఈ బల్ల దగ్గరే కూర్చుని పాత ఫోన్లో నెంబర్లన్నీ కంప్యూటర్‌లోకి దించి, కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఒకే పేరుతో చాలా ఉన్నాయి, కలిపెయ్యమంటారా అని అప్పుడు కంప్యూటర్ అడిగింది. అవే నెంబర్లు రెండుసార్లు, మూడుసార్లు పడ్డాయనుకున్నాను. మా షాపులో రోజూ చూసేదే. చెత్త శుభ్రం చేస్తున్నానన్న గర్వంతో సరే అని నొక్కాను. అన్నయ్యని ఒక్క మాట అడగలేదు.

పోర్టులో మగాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. అందరూ బావలే. అన్నయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చినా పాతికేళ్లలో వాళ్లలో కలిసిపోయాడు. ఆ చిన్న ఫోన్లో పేర్లు కొట్టే ఓపిక లేక ప్రతివాడికీ ‘బావ’ అనే రాసుకున్నాడు. పైనుంచి మొదటి బావ షిఫ్టు మేస్త్రి, రెండో బావ క్యాంటీను, నాలుగో బావ అప్పలరాజు. వరస గుర్తుపెట్టుకుని నొక్కేవాడు. ఎప్పుడూ తప్పలేదట. నేను కలిపాక ఫోన్లో ఒకే ఒక్క బావ మిగిలాడు, షిఫ్టు మేస్త్రి.

“అప్పుడే చెప్పొచ్చు కదన్నయ్యా” అన్నాను, ఎక్కడో ఒకచోట తప్పు పంచుదామని.

“నువ్వు అంత కష్టపడి చేశావు. బాధపడతావని ఊరుకున్నా” అన్నాడు.

కంప్యూటర్‌లో ఆ బావ పేరు తెరిచాను. అడుగున, మనం ఏవైనా గుర్తులు రాసుకోవడానికి ఇచ్చే ఖాళీ గడిలో, మిగతా నెంబర్లన్నీ ఉన్నాయి. పది నెంబర్లు, పాత వరసలోనే. కంప్యూటర్ చెరిపెయ్యలేదు పాపం, ఒక మూలన పెట్టింది. ఆ గడి ఫోన్లోకి రాదు. రెండేళ్లుగా అవి ఇక్కడే, ఇదే బల్ల మీద ఉన్నాయి. అన్నయ్యకి మెయిలు చూడటం తప్ప ఇంకేం తెలీదు. తెలిసిన నేను తెరిచి చూడలేదు.

మేస్త్రి పోగా గడిలో మూడోది నాలుగో బావది అవుతుంది. ఆ నెంబరుకి చేశాం. స్విచాఫ్. అన్నయ్య ఆ అంకెల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి, “ఈ ఎనభై ఏడుతో అయ్యే నెంబరు నాకు చాలాసార్లు వచ్చిందిరా” అన్నాడు. “పేరు పడలేదని కట్ చేశాను.” ఆ మాటా నాదే. క్రెడిట్ కార్డుల వాళ్లు చంపుతున్నారు, పేరు పడకపోతే ఎత్తకు అని నేనే నూరిపోశాను.

“బయల్దేరు, వెళ్దాం” అన్నాను. అన్నయ్య లేచి చెప్పులేసుకున్నాడు.

యారాడకి బస్సులు రోజుకి నాలుగైదే, ఆదివారం నమ్మడానికి లేదు. మల్కాపురం పక్కనే సింధియా దగ్గర ఆటో మాట్లాడుకోవడం మేలు. పోనూ రానూ, అక్కడ గంటసేపు ఆగడానికీ కలిపి రెండు వందల యాభై అడిగాడు, రెండు వందలకి ఒప్పుకున్నాడు. కొండ ఎక్కుతుంటే వెనక పోర్టు మొత్తం కనిపిస్తుంది. బయట నీళ్లలో లంగరేసిన ఓడలు, లోపల క్రేన్లు, అన్నిటి మీదా బూడిదరంగు ముసురు. మామూలు రోజుల్లో ఇక్కడ ఆపి ఫోటోలు తీసుకుంటారట. మేం ఆపలేదు.

“బీచికేనా బాబూ? ఈ వానలో ఏటి సూత్తారు?” అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి.

“బీచికి కాదు. అప్పలరాజని, ముందు పోర్టులో చేసేవాడు. వాళ్లింటికి” అన్నాడు అన్నయ్య.

“వలల అప్పలరాజా? నాకెరికే.” అతను అద్దంలో మమ్మల్ని ఇంకోసారి చూశాడు. మలుపు దాటాక, “మీరు ఆల్లకి సుట్టాలేటి?” అని అడిగాడు.

“బావ” అన్నాడు అన్నయ్య.

“అయితే మీకు సెప్పనేదేటి బావా? వానలు మొదలైనప్పుడే పోనాడు కదా.”

ఆటో దిగుడులో పోతోంది. అన్నయ్య ముందు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. “తప్పు నాదన్నయ్యా” అన్నాను. అన్నయ్య, “మిషను తప్పు నీది. రెండేళ్లు ఈ కొండ ఎక్కనిది నేను” అన్నాడు. నన్ను తిట్టుంటే బాగుండేది.

సముద్రానికి వెనక వరసలో చిన్న పెంకుటిల్లు. అప్పలరాజు భార్య నూకరత్నం, తడవకుండా చూరు కిందకి ఎండుచేపల బుట్టలు జరుపుతోంది. అన్నయ్యని చూసి బుట్ట కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. మొగుడికి బావ కాబట్టి ఆమెకి మా అన్నయ్య అన్నయ్యే.

“ఇప్పుడొచ్చినావా అన్నయ్యా” అంది. ఏడవలేదు. మాకు పీటలేసింది.

ఆమే చెప్పింది. “కామెర్లన్నారు, తరవాత కాలేయమన్నారు. రెండు నెలలు మంచం మీదే. అంతకు ముందు శానాసార్లు నీకు ఫోన్ సేసినాడు. నువ్వు కట్ సేసీసేవోడివి. బావ పెద్ద ఫోను కొన్నాడే, మన నెంబరు పడితే ఎత్తడు అని నవ్వీసేవోడు. నవ్వేడు గానీ ఆ పూట తిండి తినేవోడు కాదు. జబ్బు సేసాక కబురెడతానని నానడిగినా ఒప్పుకోనేదు. రావాలనుంటే ఆడే వొత్తాడు అన్నాడు.”

నేనుండలేకపోయాను. “అమ్మా, మా అన్నయ్య ఫోన్లో మీ నెంబరు పోగొట్టింది నేను. ఒకే పేరు మీద చాలా ఉంటే...” అని కలపడం గురించి, గడి గురించి ఏదో చెప్పబోయాను.

ఆమె పూర్తిగా వింది. “ఫోన్ల సంగతి నాకు తెల్దు బాబూ. రోడ్డుంది కదా?” అంది.

ఆమె లోపలికెళ్లి టీ తెచ్చింది. గ్లాసులిచ్చి గుమ్మంలో కూర్చుని అడిగింది. “అన్నయ్యా, నిన్నొకటి అడగాల. ఆకరి రెండ్రోజులూ మాట పడిపోనాది. సెయ్యి మట్టుకు ఇలాగ అనీవోడు.” కుడిచెయ్యి చాపి, చూపుడువేలు నేలకేసి పెట్టి, నెమ్మదిగా చిన్న సున్నా చుట్టినట్టు తిప్పింది. “మంచినీల్లా అంటే కాదన్నాడు. పక్క మార్సాలా అంటే కాదన్నాడు. ఎవులికీ తెల్నేదు. ఇదేటన్నయ్యా?”

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆ చేతినే చాలాసేపు చూశాడు.

“మెల్లగా దించమని” అన్నాడు.

అప్పుడేడ్చింది నూకరత్నం. అన్నయ్య కూడా ఏడ్చాడు. నాకు అన్నయ్య ఏడవడం తెలీదు, మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. నేను లేచి వానలోకి వచ్చి ఆటో పక్కన నిలబడ్డాను. డ్రైవరు ఏమీ అడక్కుండా పక్కకి జరిగి చోటిచ్చాడు. గంట కాదు, రెండు గంటలు ఆగాం. అతను పైన ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

మధ్యాహ్నం మల్కాపురం వచ్చి మిగతా పని పూర్తి చేశాను. మెయిళ్లు వచ్చాయి, నెంబర్లు వచ్చాయి. ఈసారి అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో బావకీ పేరు రాయించాను. పదిమంది పూర్తయ్యాక అప్పలరాజు నెంబరు ఏం చెయ్యమంటావని అడిగాను. ఉంచమన్నాడు. క్యాలెండర్లో ఆ మొదటి ఆదివారం తీసెయ్యనా అని అడిగితే నావైపు చూడకుండా, “మోగనీరా” అన్నాడు. రెండేళ్లు ఆ యంత్రం ప్రతి నెలా తన పని తాను చేసింది. ఎక్కడికి వెళ్లాలో చెప్పింది, ఏ పూట వెళ్లాలో చెప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుని నేను విజయవాడలో హాయిగా నిద్రపోయాను. ఎదుటివాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, మేమే అటు చూడలేదు. వచ్చే నెల నుంచి గుడివాడ పక్క పల్లెటూళ్లో, సముద్రం వాసన కూడా రాని ఇంట్లో, ఆ ఫోన్ ఏడింటికి యారాడ అని మోగుతుంది. అన్నయ్య దాని నోరు ఎప్పుడు మూయిస్తాడో నాకు తెలీదు.

ఈ పని చేసేవాళ్లకి ఒక్క సలహా. ఒకే పేరుతో ఉన్నవి కలిపెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగితే, వెంటనే సరే అనకండి. ఆ ఫోన్ ఎవరిదో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరూ ఎవరో అడిగి, నెంబరుతో పాటు వాళ్లుండే ఊరు కూడా ఒక కాగితం మీద రాసుకోండి.